మేఘాల నీడలో కూజా తీగ

వాన కురిస్తే నేల పండుతుందన్నది మన రైతుకు పుట్టుకతో వచ్చిన నమ్మకం. రాయలసీమలో గాని, పాలమూరు సీమలో గాని ఒక్క ఏడు మేఘం మొగం చాటు చేస్తే గాదెలు వెలవెలబోతాయి. అందుచేత వాన ఎంత ఎక్కువగా కురిస్తే నేల అంత సారవంతమవుతుందని మనం తలపోయడం సహజమే. కాని, అధిక వర్షమే నేలను నిరుపేదను చేసిన ప్రదేశం ఒకటి మన దేశంలోనే ఉన్నది. ఆ పేదనేలపై పుట్టి, ఆ పేదరికానికి తగిన జీవనోపాయాన్ని తానే కల్పించుకొన్న తీగ ఒకటి అక్కడ పెరుగుతున్నది. ఆ ప్రదేశం మేఘాలయ. ఆ తీగను మన పాఠ్యపుస్తకాలు కూజా మొక్క అంటాయి. వృక్షశాస్త్రజ్ఞులు దానికి పెట్టిన పేరు నెపంథిస్ ఖాసియానా.

వృక్షశాస్త్రం చదివే ప్రతి విద్యార్థీ ఈ మొక్క బొమ్మను ఎప్పుడో ఒకప్పుడు గీసి ఉంటాడు. కాని ఆ బొమ్మలో సాధారణంగా ఒక ఆకు, దాని కొనకు వ్రేలాడే ఒక కూజా, దానికొక మూత మాత్రమే కనబడతాయి. ఆ కూజా క్రింది నేల కనబడదు, దానిపై కురిసే వాన కనబడదు, దానికి పేరు పెట్టి పిలిచే మనుషులు కనబడరు. ఈ మూడింటినీ విడిచి కూజా తీగను అర్థం చేసుకోవడం సాధ్యం కాదు. రక్షించుకోవడం అంతకంటె సాధ్యం కాదు.

నేల, వాన

గారో, ఖాసీ, జైంతియా అనే మూడు కొండసీమలు కలసి 1972 జనవరి 21న మేఘాలయ పూర్తి రాష్ట్రంగా అవతరించింది. ఉత్తరాన అస్సాంలోని బ్రహ్మపుత్ర లోయ, దక్షిణాన బంగ్లాదేశ్ మైదానాలు, నడుమ గోడవలె నిలిచిన ఎత్తయిన పీఠభూమి ఇది. పటంలో చూచినప్పుడు ఈ కొండలు హిమాలయాలకు పొరుగున ఉన్నట్లు తోస్తాయి. కాని వీటి పుట్టుక హిమాలయాలతో ముడిపడినది కాదు. షిల్లాంగ్ పీఠభూమి ప్రాచీన శిలలు మన దక్షిణాపథపు ప్రాచీన శిలలకు చుట్టాలనీ, రాజమహల్ కొండలకూ గారో కొండలకూ నడుమ భూమి క్రుంగి, గంగా బ్రహ్మపుత్రల ఒండ్రుతో పూడిపోవడం వల్ల ఈ పీఠభూమి ద్వీపకల్పం నుండి విడివడినట్లు కనబడుతున్నదనీ భూగర్భశాస్త్రజ్ఞులు వివరిస్తారు. అంటే గోదావరి తీరపు బండరాయికీ, షిల్లాంగ్ కొండలోని బండరాయికీ అడుగున ఒకే పురాతన బంధుత్వం ఉన్నదన్నమాట.

కర్కటరేఖకు ఉత్తరాన, సుమారు 25, 26 అక్షాంశాల నడుమ ఉన్న ఈ సీమది ఉపోష్ణమండల వాతావరణం. వేసవి మన కోస్తా వేసవి వలె మండిపోదు. శీతకాలం చల్లగా, పొడిగా ఉంటుంది. ఏడాదిలో అత్యధిక భాగం గాలిలో తేమ నిండి ఉంటుంది. బంగాళాఖాతం నుండి బయలుదేరిన నైరృతి ఋతుపవనాలు బంగ్లాదేశ్ మైదానాల మీదుగా అడ్డు లేకుండా సాగివచ్చి, ఈ కొండల దక్షిణపు అంచును ఢీకొంటాయి. హఠాత్తుగా పైకి లేవవలసి వచ్చిన తేమగాలి చల్లబడి, మోస్తున్న నీటినంతటినీ అక్కడే కుమ్మరిస్తుంది. 1860 ఆగస్టు నుండి 1861 జులై వరకు పన్నెండు నెలలలో చిరపుంజిలో 26,461 మిల్లీమీటర్ల వర్షం నమోదయింది. దానికి సమీపాన ఉన్న మాసిన్‌రామ్‌లో సాలీనా సగటు వర్షపాతం సుమారు 11,800 మిల్లీమీటర్లు. మన అనంతపురం సీమలో సాలీనా సగటు 550 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. ఇక్కడ ఇరవై ఏళ్ళలో కురిసే వాన అక్కడ ఒక్క ఏడాదిలో కురుస్తున్నదని చెప్పుకోవచ్చును.

ఇంతటి వాన నేలకు ఏమి చేస్తుంది? వాలుగా ఉన్న కొండపై పడిన నీరు నిలువదు. పై మట్టిని కడిగివేస్తుంది. మట్టిలోనికి ఇంకిన నీరు తనలో కరగగలిగిన లవణాలన్నింటినీ కరగించుకొని లోయలలోనికి కొనిపోతుంది. ముఖ్యంగా మొక్కల పెరుగుదలకు అత్యవసరమైన నత్రజని లవణాలు నీటిలో సులభంగా కరిగేవి. ఏటేటా, వేల ఏండ్లుగా ఇట్లు కడిగివేయబడగా మిగిలేది ఇసుకపాలు ఎక్కువై, ఆమ్లగుణం హెచ్చిన నిస్సారమైన మట్టి. వానాకాలంలో నీటి నడుమ ఉండే చిరపుంజి ప్రజలు శీతకాలంలో కుండలు పట్టుకొని నీటికోసం దూరం నడువవలసి రావడం కూడా ఈ కారణం చేతనే. వచ్చిన వాన ఎంత గొప్పదో, నిలిచిన వాన అంత స్వల్పం.

ఇటువంటి నేలలో దట్టమైన అడవి చెట్లు అంతటా వేళ్ళూనలేవు. పొదలు, గడ్డి, నాచు పెరిగే వాలు ప్రదేశాలు, ఏటి గట్లు, అడవి అంచులు విస్తారంగా ఉంటాయి. తేమ పుష్కలం, వెలుతురు పుష్కలం, ఆహార లవణాలు మాత్రం అత్యల్పం. కూజా తీగకు పుట్టినిల్లు సరిగ్గా ఇదే. సముద్రమట్టానికి కొన్ని వందల మీటర్ల ఎత్తు నుండి సుమారు 1500 మీటర్ల ఎత్తు వరకు గారో, ఖాసీ, జైంతియా కొండలలో ఇది చెదురుమదురుగా పెరుగుతున్నది. దక్షిణ గారో కొండలలోని బాగ్‌మారా, జైంతియా కొండలలోని జరాయిన్ దీనికి పేరుపడిన తావులు.

మూడు భాషలు, మూడు పేర్లు

శాస్త్రజ్ఞులు ఈ మొక్కకు పేరు పెట్టక మునుపే ఆ కొండల ప్రజలు దీనిని గమనించి, దీని ప్రవర్తనను ఎరిగి, తమ తమ భాషలలో పేర్లు పెట్టుకొన్నారు. గారోలు దీనిని మెమాంగ్ కోక్సి అంటారు. మెమాంగ్ అంటే ప్రేతాత్మ, కోక్సి అంటే బుట్ట. మరణించినవారి ఆత్మలు కొంతకాలం విడిది చేసే చోటని గారోలు విశ్వసించే బల్‌పక్రమ్ కొండ కూడా దక్షిణ గారో సీమలోనే ఉన్నది. అక్కడి వాలులలో వ్రేలాడే మూత బుట్టలను చూచి, ఆత్మలు తమ దినుసులు దాచుకొనే బుట్టలని వారు భావించి ఉంటే అందులో వింత లేదు. ఖాసీలు దీనిని టియూ రాకోట్ అంటారు. దానికి రాకాసి పువ్వు అని అర్థం చెబుతారు. జైంతియా కొండల వారి పేరు క్సెట్ ఫారే. మూత ఉన్న ఈగల వల అని దాని భావం.

ఈ మూడు పేర్లను ప్రక్కప్రక్కన ఉంచి చూస్తే ఒక విశేషం తెలుస్తుంది. ఒక పేరు దాని ఆకారాన్ని పట్టుకొన్నది. మరొకటి దాని స్వభావాన్ని పట్టుకొన్నది. మూడవది దాని పనినే సూటిగా చెప్పింది. మొక్క కీటకాలను పట్టి జీర్ణించుకొంటుందన్న సంగతి పాశ్చాత్య శాస్త్రలోకంలో పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగం వరకు వాదోపవాదాలకు గురి అవుతూ వచ్చింది. ఈగల వల అన్న పేరులో ఆ పరిశీలన సగం అప్పటికే ఇమిడి ఉన్నది.

భాషల విషయంలో మనకు మరొక సంబంధం కూడా కలదు. గారో భాష టిబెటో బర్మన్ కుటుంబానిది. ఖాసీ, జైంతియా కొండల భాషలు ఆస్ట్రో ఏషియాటిక్ కుటుంబానివి. మన శ్రీకాకుళం, పార్వతీపురం మన్యంలోని సవరల భాష, విశాఖ మన్యంలోని గుతోబ్ గదబల భాష కూడా ఆ కుటుంబంలోని ముండా శాఖకే చెందుతాయి. రాళ్ళవలెనే పలుకులలోను ఆ కొండలకు, మన కొండలకు పాత చుట్టరికం ఉన్నది.

కూజా ఇంకా మూత విప్పక ముందు దానిలో ఊరే ద్రవాన్ని గారో, ఖాసీ ప్రజలు కంటి జబ్బులకు, మరికొన్ని రుగ్మతలకు సంప్రదాయ వైద్యంలో వాడుతూ వచ్చారు. ఈ మొక్కపై వారికి భయమే కాదు, ఆదరమూ ఉన్నదనడానికి ఇది నిదర్శనం.

ఆకు కూజాగా మారిన తీరు

కూజా తీగ పుట్టినప్పుడు నేలనంటి చిన్న మొక్కగా, చుట్టూ ఆకులు పరచుకొని ఉంటుంది. పెరిగిన కొలదీ దాని కాండం సాగి, ప్రక్కనున్న పొదలపైకి, చిన్న చెట్లపైకి ప్రాకుతుంది. ఇది దొండతీగ వలె కణుపు వద్ద మొలిచే నులితీగలతో ప్రాకదు. కాండం చుట్టుకొని ఎక్కే శంఖుపువ్వు తీగ వంటిదీ కాదు. దీని ఆకే దీనికి ఆధారం. ఆకు మధ్య ఈనె ఆకు కొసను దాటి బయటికి సాగి, సన్నని నులితీగగా మారుతుంది. ఆ నులితీగ దొరికిన కొమ్మను చుట్టుకొని మొక్కను నిలబెడుతుంది. దాని కొన క్రమంగా ఉబ్బి, గాలి నింపిన తిత్తి వలె పెరిగి, తుదకు కూజాగా రూపు దిద్దుకొంటుంది. కాబట్టి కూజా పువ్వు కాదు, కాయ కాదు. అది ఆకులోని ఒక భాగం మాత్రమే.

ఒకే మొక్కపై రెండు రకాల కూజాలు కనబడతాయి. నేలకు సమీపాన ఉండేవి కొంత బొద్దుగా ఉండి, ముందువైపు అంచులు కుట్టినట్లుండే రెండు రెక్కలు కలిగి ఉంటాయి. నేలపై ప్రాకే చీమల వంటి కీటకాలు ఆ రెక్కల వెంబడి ఎక్కి మూతి వరకు రావడానికి అనువుగా ఉంటుంది. తీగ పైకి ఎగబ్రాకిన తరువాత వేసే కూజాలు సన్నగా, గరాటు ఆకారంలో ఉంటాయి. వాటికి రెక్కలు అంతగా ఉండవు. ఎగిరి వచ్చే కీటకాలకు అవి వల. ఇట్లు ఒకే తీగ రెండు అంతస్తులలో రెండు విధాల వేట సాగిస్తుంది.

వల పనిచేసే విధం

కూజా మూతి చుట్టూ గీతలు గీతలుగా మెరిసే ఒక దళసరి అంచు ఉంటుంది. మూత అడుగున, మూతి అంచున మకరందం ఊరుతుంది. ఆ తీపికి ఆశపడిన చీమ అంచుపైకి వస్తుంది. పొడిగా ఉన్నప్పుడు ఆ అంచుపై చీమ హాయిగా నడువగలదు. కాని వాన పడినప్పుడు, మంచు కురిసినప్పుడు ఆ అంచులోని సన్నని గాళ్ళలో నీరు పరచుకొని, పలుచని పొరగా నిలుస్తుంది. ఆ పొరపై కీటకపు కాలు నిలువదు. నీట తడిసిన నాపరాతి మెట్టుపై మన కాలు జారినట్లే అది జారి లోపల పడుతుంది. నెపంథిస్ మొక్కలలో ఈ జారుడు రహస్యాన్ని 2004లో శాస్త్రజ్ఞులు ప్రయోగపూర్వకంగా నిరూపించారు. లోపలి గోడ పై భాగాన మైనపు పూత ఉంటుంది. పడిన కీటకం మళ్ళీ పైకి ప్రాకబోతే ఆ పూతపై పట్టు చిక్కదు. అడుగున జీర్ణరసం సిద్ధంగా ఉంటుంది.

ఇక్కడ పాఠకులు గమనించవలసిన సంగతి ఒకటి ఉన్నది. మొక్క ఆహారాన్ని కడిగివేసినది వానయే. ఆ ఆహారాన్ని మరొక రూపంలో మొక్క నోటికి జార్చి ఇచ్చేదీ వానయే. మేఘాలయ వానకు, ఈ తీగకు మధ్య ఉన్న లెక్క అటువంటిది.

మరొక అపోహను కూడా ఈ సందర్భంలో తొలగించుకోవలసి ఉన్నది. కీటకం లోపల పడగానే కూజా మూత మూసుకొంటుందని కొన్ని పుస్తకాలలో వ్రాస్తున్నారు. అది సరికాదు. లేత కూజాకు మూత అతుక్కొని ఉంటుంది. కూజా పెరిగి పక్వమయినప్పుడు మూత ఒకసారి విచ్చుకొంటుంది. అటుపిమ్మట అది మళ్ళీ మూసుకోదు. దాని పని తలుపు పని కాదు, గొడుగు పని. ఎడతెగని వానలో కూజా నిండి జీర్ణరసం పలుచబడకుండా, పొర్లిపోకుండా అది కొంత కాపాడుతుంది. అంత వాన కురిసే చోట గొడుగు ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు.

జీర్ణరసంలో మాంసకృత్తులను విడగొట్టే ఎంజైములు, కీటకాల పైపెంకులోని కైటిన్‌ను ఛేదించే ఎంజైములు ఉంటాయి. నెపంథిస్ ఖాసియానా కూజా ద్రవంలో శిలీంధ్రాల పెరుగుదలను అడ్డగించే పదార్థాలు కూడా ఉన్నాయని 2010లో ప్రకటితమయిన పరిశోధన తెలిపింది. పట్టిన ఆహారం బూజు పాలు కాకుండా మొక్క తీసుకొనే జాగ్రత్త అది. కేరళలోని జవహర్‌లాల్ నెహ్రూ ఉష్ణమండల వృక్షోద్యాన పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు 2013లో మరొక విశేషం బయటపెట్టారు. అతినీలలోహిత కాంతి పడినప్పుడు కూజా మూతి అంచు నీలివర్ణపు వలయంగా వెలుగుతున్నదని వారు చూపారు. మన కంటికి మామూలుగా కానరాని ఆ వెలుగు కీటకాలను ఆకర్షించడానికి తోడ్పడుతున్నదని వారి నిర్ణయం. విచ్చుకోని కూజాలో బొగ్గుపులుసు వాయువు అధికంగా నిలువ ఉంటుందనీ, విచ్చుకొన్నాక కూడా కూజా ఆ వాయువును వెలువరించి కీటకాలను రప్పిస్తుందనీ అదే సంస్థ వారు 2017లో ప్రకటించారు.

ఇంత చెప్పినందువలన కూజా తీగ మృగం వంటిదని అనుకోరాదు. దాని ఆకులు పచ్చనివే. సూర్యరశ్మితో పిండిపదార్థాన్ని అన్ని మొక్కల వలెనే అది తయారు చేసుకొంటుంది. కీటకాల నుండి అది గ్రహించేది శక్తిని కాదు, నేలలో దొరకని నత్రజనిని, భాస్వరాన్ని. మనం పొలానికి ఎరువు వేసినట్లే అది తనకు తాను ఎరువు సంపాదించుకొంటున్నది. అంతేకాదు, ఆ కూజాల నీటిలోనే దోమ పిల్లపురుగుల వంటి కొన్ని జీవులు చావకుండా, జీర్ణం కాకుండా బ్రతుకుతాయి. పడిన ఆహారంలో తమ పాలు తిని, మిగిలినదాన్ని మొక్కకు సులువుగా అందే రూపంలోనికి మారుస్తాయి. ఒక్కొక్క కూజా ఒక చిన్న చెరువు.

శాస్త్రలోకానికి పరిచయం

నెపంథిస్ అన్న ప్రజాతి నామాన్ని స్వీడన్ శాస్త్రజ్ఞుడు లినేయస్ 1737లో వాడుకలోనికి తెచ్చాడు. గ్రీకు ఇతిహాసంలో దుఃఖాన్ని మరపించే ఔషధానికి ఉన్న పేరు అది. ఇటువంటి అద్భుతాన్ని చూచిన వృక్షశాస్త్రజ్ఞుడు తాను పడిన శ్రమనంతా మరచిపోతాడని ఆయన భావం. ఆయన ఎరిగిన మొక్క శ్రీలంకకు చెందినది. సింహళంలో దానిని బందుర అంటారు.

జోసెఫ్ డాల్టన్ హుకర్ 1850లో ఖాసీ కొండలలో పర్యటించి అక్కడి వృక్షసంపదను విస్తారంగా సేకరించాడు. నెపంథిస్ ఖాసియానా అన్న పేరుతో ఈ జాతిని ఆయన 1873లో ప్రకటించాడు. మరుసటి సంవత్సరం బెల్‌ఫాస్ట్ నగరంలో జరిగిన శాస్త్రజ్ఞుల సభలో మాంసాహార మొక్కలను గురించి ఉపన్యసిస్తూ, నెపంథిస్ కూజాలలో జీర్ణక్రియ జరుగుతున్నదని తన ప్రయోగాల ఆధారంగా వివరించాడు. 1875లో చార్లెస్ డార్విన్ కీటకాహార మొక్కలపై తన గ్రంథాన్ని వెలువరించడంతో ఈ విషయం స్థిరపడింది.

నెపంథిస్ ప్రజాతిలో నేడు 170కి పైగా జాతులను గుర్తించారు. వాటిలో అత్యధికం బోర్నియో, సుమత్రా, ఫిలిప్పీన్స్ దీవులలో ఉన్నాయి. పడమటి దిక్కున మిగిలినవి స్వల్పం. మడగాస్కర్‌లో రెండు, సెషెల్స్ దీవులలో ఒకటి, శ్రీలంకలో ఒకటి, మన దేశంలో ఈ ఒక్కటి. భారతదేశపు సహజ వృక్షసంపదలో మరొక నెపంథిస్ జాతి లేదు. బంధువర్గానికి దూరంగా ఒక కొండసీమలో ఒంటరిగా నిలిచిపోయిన ఈ మొక్క పోతే, దాని స్థానాన్ని భర్తీ చేయడానికి దేశంలో మరొకటి లేదు.

ప్రమాదం ఎక్కడ

అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సమాఖ్య ఈ మొక్కను అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా పేర్కొన్నది. కారణాలు అనేకం. మొదటిది, దాని వింత రూపమే. తోటల ప్రియులు, అమ్మకందారులు దానిని వేళ్ళతో సహా పెళ్ళగించి తీసికొనిపోయారు. ప్రయోగశాలలలో పాఠం చెప్పడానికి సేకరించినవీ తక్కువ కావు. కొండ గాలిలోని తేమకు అలవడిన మొక్క మైదానపు ఎండలో కొద్దికాలానికే కూజాలు వేయడం మానివేస్తుంది, తరువాత చనిపోతుంది.

రెండవది, కొండవాలులలో వచ్చిన మార్పు. పోడు వ్యవసాయంలో ఒకప్పుడు ఒకసారి సాగు చేసిన చోటును పదిహేను ఇరవై ఏండ్లు అడవికి విడిచిపెట్టేవారు. జనాభా పెరిగి, భూమి చాలక, చాలచోట్ల కొద్ది ఏండ్లకే తిరిగి నరికి కాల్చవలసి వస్తున్నది. జైంతియా కొండలలో బొగ్గు కోసం ఎలుక బొరియల వంటి సొరంగాలు త్రవ్వడం, సున్నపురాతి గనులు, రహదారులు నేల రూపాన్నే మార్చివేశాయి. ఆ బొరియల త్రవ్వకాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2014 ఏప్రిల్‌లో నిషేధించింది. చెదరిన నేల తిరిగి కుదుటపడడానికి మాత్రం ఉత్తర్వుతో పాటు చాలా కాలం కూడా కావలెను.

మూడవది పైకి కనబడనిది. కూజా తీగలో మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. మగ పూల పుప్పొడి కీటకాల ద్వారా ఆడ పూలను చేరితేనే గింజ కడుతుంది. మొక్కలున్న తావులు చిన్న చిన్న ముక్కలుగా విడిపోయినప్పుడు, ఒక ముక్కలో మగ మొక్కలే మిగిలితే, లేదా ఆడ మొక్కలే మిగిలితే, అవి ఎంత పచ్చగా కనబడినా వాటికి సంతానం లేదు. దారాల వలె సన్నని దాని గింజలు గాలికి ఎగిరిపోగలవు గాని, ఎక్కువకాలం మొలకెత్తే శక్తిని నిలుపుకోలేవు. పది మొక్కలు కనబడుతున్నాయి గదా అని తృప్తిపడడానికి వీలులేదు.

నాలుగవది అన్నింటికంటె విచిత్రమైనది. ఈ మొక్కకు సారవంతమైన నేల కూడా శత్రువే. చుట్టుప్రక్కల పొలాలలో వేసిన ఎరువులు వాలు వెంట దిగి ఆ మట్టిలో చేరితే, అంతవరకు అక్కడ బ్రతుకలేని గడ్డి, కలుపు, త్వరగా పెరిగే పొదలు విజృంభిస్తాయి. కూజా తీగకు కావలసిన వెలుతురును అవి కప్పివేస్తాయి. లేమిలో నెగ్గుకొని రావడం నేర్చిన మొక్క కలిమిలో పోటీకి నిలువలేదు.

రక్షణ మార్గాలు

బాగ్‌మారాలో 1984లో ఈ మొక్క కోసమే ఒక అభయారణ్యాన్ని ఏర్పరచారు. దాని వైశాల్యం మూడు హెక్టార్లు కూడా లేదు. ఏనుగుల కోసం, పులుల కోసం వందల చదరపు కిలోమీటర్ల అడవులను కేటాయించే దేశంలో ఒక తీగ కోసం కేటాయించిన ఈ చిన్న చెలక చెప్పుకోదగినదే. బల్‌పక్రమ్ జాతీయ వనం, 1988లో జీవావరణ కేంద్రంగా ప్రకటితమయిన నోక్రెక్ కొండసీమ కూడా గారో కొండల వృక్షసంపదకు ఆశ్రయాలు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1991లో చేసిన సవరణ మొక్కలకూ రక్షణ కల్పించింది. ఆనాడు పట్టికకెక్కిన ఆరు రకాల మొక్కలలో కూజా మొక్క ఒకటి. దానిని అడవి నుండి పెళ్ళగించడం, అనుమతి లేకుండా అమ్మడం శిక్షార్హం. అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒడంబడిక తన ఒకటవ అనుబంధంలో, అనగా అత్యంత కఠినమైన నిబంధనల పట్టికలో, దీనిని చేర్చింది.

ప్రయోగశాలలు కూడా తమ వంతు సాయం చేస్తున్నాయి. చిన్న కణుపు ముక్క నుండి గాజు సీసాలో అనేక మొక్కలను పెంచే కణజాల వర్ధన పద్ధతిని కేరళ శాస్త్రజ్ఞులు 1994లో ఈ మొక్క విషయంలో విజయవంతంగా ప్రకటించారు. షిల్లాంగ్‌లోని ఈశాన్య పర్వత విశ్వవిద్యాలయంలోను ఈ దిశలో కృషి జరిగింది. మేఘాలయ మొక్కకు కేరళలో పునర్జన్మ లభించడం మన దేశపు శాస్త్రసంస్థల పరస్పర సహకారానికి మంచి ఉదాహరణ.

అయినప్పటికీ సీసాలో పెరిగిన మొక్క సీసాలోని మొక్కే. దానిని తిరిగి నాటడానికి కొండ ఉండవలెను. ఆ కొండపై తడి, వెలుతురు, పేదమట్టి, కీటకాలు, కూజాలోని పురుగులు అన్నీ ఉండవలెను. ఆ కొండ ఎవరిది? మేఘాలయలో అడవులలో అత్యధిక భాగం ప్రభుత్వానిది కాదు. గ్రామాలవి, వంశాలవి, కుటుంబాలవి. రాజ్యాంగం ఆరవ షెడ్యూలు క్రింద ఏర్పడిన స్వయంపాలిత జిల్లా మండలులకు ఆ భూముల వ్యవహారాలలో అధికారం ఉన్నది. కాబట్టి ఢిల్లీలోనో, షిల్లాంగ్‌లోనో చేసిన చట్టం కొండవాలు వరకు నడిచిపోవాలంటే ఆ గ్రామసభ చేయి పట్టుకొని నడువవలసినదే.

ఆ సభలకు రక్షణ అన్నది క్రొత్త పాఠం కాదు. షిల్లాంగ్ సమీపాన ఉన్న మాఫ్‌లాంగ్ పవిత్రవనం నుండి ఒక్క ఆకును కూడా బయటికి తీసికొనిపోరాదని ఖాసీల కట్టుబాటు. చుట్టూ కొండలు బోడి అయిన చోట కూడా ఆ వనం నేటికీ దట్టంగా నిలిచి ఉన్నది. ఏ అటవీ శాఖా ఏర్పడక ముందు నుండి నిలిచిన నియమం అది. అటువంటి కట్టుబాటు కూజా తీగ పెరిగే బోడి వాలులకు కూడా విస్తరిస్తే, అందులో ఆ గ్రామాల జీవనోపాధికి కూడా తావు కల్పిస్తే, ఈ మొక్కకు అంతకంటె గట్టి కంచె మరొకటి ఉండదు. పేదనేలను పనికిరాని బీడని భావించి గనికో, తోటకో అప్పగించకుండా ఉండడానికి ఆ గ్రామానికి ఒక కారణం చూపవలసిన బాధ్యత మాత్రం మిగతా దేశానిది.

మన నేలకు వచ్చే పాఠం

మేఘాలయ కూజా తీగ మన తెలుగునేలపై సహజంగా పెరగదు. కాని దాని వలె నిస్సారమైన తడినేలలో కీటకాలను పట్టి బ్రతికే చిన్న మొక్కలు మనకూ ఉన్నాయి. వానలు వెనుకబట్టిన రోజులలో ఇసుకపాలు గల చెలకలలో, చెరువుల ఊటనేలలలో ఎర్రని జిగురు చుక్కలతో మెరిసే డ్రోసెరా మొక్కలు కనబడతాయి. నిలువ నీటిలో చిన్న తిత్తులతో సూక్ష్మజీవులను పట్టే యుట్రిక్యులేరియా మొక్కలు ఉంటాయి. అరచేయి వెడల్పు కూడా లేని వీటిని పశువుల కాపరి త్రొక్కిపోతాడు, మనం చూడకుండా దాటిపోతాము. వృక్షశాస్త్ర విద్యార్థులు వాటిని పెకలించకుండా, ఉన్నచోటనే మోకాళ్ళపై వంగి చూచి, ఆ మట్టి రంగు, తడి, చుట్టూ పెరిగే గడ్డి వ్రాసికొని వస్తే, మేఘాలయ కొండను సగం చదివినట్లే.

ఏ నేలనైనా దాని పంటతోనే కొలవడం మనకు అలవాటు. పండేది మంచినేల, పండనిది బీడు. కాని ప్రకృతి లెక్క వేరుగా ఉన్నది. వాన కడిగివేసిన ఒక బీడు కొండవాలు, దేశంలో మరెక్కడా లేని ఒక తీగను కన్నది. ఆ నేలను బాగుచేస్తామంటూ మార్చివేస్తే తీగ పోతుంది. తీగను మాత్రమే తెచ్చి కుండీలో పెట్టుకొంటే దాని కథ పోతుంది. రెండూ కలిసి నిలిచినప్పుడే జైంతియా కొండల ఈగల వల, గారోల ఆత్మల బుట్ట, ఖాసీల రాకాసి పువ్వు, మన పాఠ్యపుస్తకంలోని కూజా మొక్క ఒకటే మొక్కగా తరువాతి తరం విద్యార్థికి అందుతుంది. పాఠంలో దాని బొమ్మ గీసే విద్యార్థి ఈసారి కూజా క్రింద కొంచెం నేలను, దానిపై కొంచెం వానను కూడా గీస్తే ఆ బొమ్మ పూర్తి అవుతుంది.